మూడు చుట్లు

సోమందేపల్లె,
జూలై 6

చెవిటి ఫాతిమాకు గుడ్డి కుమారి వందనాలు.

ఈ పలకరింపు చదివి నువ్వు నవ్వుతావని తెలుసు. నాకు మాత్రం నవ్వే ఓపిక లేదు. ఈ నెల ఇరవై దాటాక హిందూపురంలో కుడి కంటి పొర తీస్తారట. ఎడమ కన్ను కూడా అంతంత మాత్రమే. కిటికీ దగ్గర కూర్చుని, కాగితం ముక్కుకు ఆనించుకుని రాస్తున్నాను. నీకు ఫోను చేద్దామంటే నీ చెవిలో ఈల తప్ప ఏమీ పడదంటివి. నీ కొడుకు ముబారక్ సెల్లుకు మెసేజ్ పెడదామంటే ఆ చీమ అక్షరాలు నాకు ఆనవు. దేవుడు మనిద్దరికీ కలిపి పోస్టాఫీసు ఒక్కటే మిగిల్చాడు.

సంగతికి వస్తాను. ముప్పై రెండేళ్ళు నర్సమ్మగా పల్లెలు తిరిగాను. బాలింత ఉన్న ఇంట్లోకి అడుగు పెట్టగానే ముందు ఉగ్గుగిన్నె వెతికేదాన్ని. మాటలు వస్తాయని అరగదీసి పోసే వస కొమ్ము కనబడితే తీసుకుపోయి దిబ్బలో పారేసేదాన్ని. వాటిలో సగం నీ అంగడి పొట్లాలే. "నా పొట్ట మీద కొడతాండావే కుమారీ" అని నువ్వు నాతో ఆరు నెలలు మాట్లాడకుండా కూడా ఉన్నావు. ఇప్పుడు ఆ కుమారే నిన్ను వస అడుగుతోంది. ఎగతాళి చేసుకో, పడతాను.

నా మనవరాలు నిస్సీకి రెండేళ్ళ నాలుగు నెలలు. ఇంతవరకూ ఒక్క మాట లేదు. అమ్మ అనదు, అవ్వ అనదు. నవ్వుతుంది, చేయి పట్టి లాగుతుంది, కావలసినది వేలు పెట్టి చూపిస్తుంది. ఎంత నెమ్మదైన పిల్లో చెప్పలేను. మా ఇల్లు హైవే పక్కనే కదా, లారీల హారన్లకు నా గుండె అదురుతుంది. అది మాత్రం కదలకుండా నిద్రపోతుంది. మా అల్లుడు విజయభాస్కర్ తల్లి వచ్చినప్పుడల్లా సువార్తను దెప్పుతోంది. "నా కొడుకు ఏడాదికే వసపిట్ట మాదిరి మాట్లాడినాడు. మీ పక్కనే ఎవురో మూగోళ్ళు ఉండారేమో" అంటుంది. నా కూతురు రాత్రిళ్ళు గోడవైపు తిరిగి పడుకుంటుంది. అది ఏడుస్తోందని నాకు తెలుసు, నాకు తెలుసని దానికీ తెలుసు.

ఇంక నావల్ల కాదు ఫాతిమా. నేను చదివిన చదువు అంతా పక్కన పెట్టాను. నీ చేత్తో ఇచ్చిన వస పంపు.

నీ
కుమారి

*

కళ్యాణదుర్గం,
జూలై 19

కుమారికి ఫాతిమా సలాములు.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, నిజమే. తర్వాత నీ మీద జాలి వేసింది. నిన్ను ఇంత దిగజార్చింది అంటే ఆ వియ్యపురాలి నోరు ఎంత పెద్దదో అర్థమైంది. ఆమెకు చిన్నప్పుడు ఎవరో వస ఎక్కువే పోసి ఉంటారు.

ఇక్కడ వానలు లేవు. విత్తనానికని వేరుశనక్కాయలు ఒలిచి పెట్టుకున్నవాళ్ళు వాటినే వేయించుకు తింటున్నారు. మా ఆయన లాల్ అహమ్మద్ ఉన్న కాలంలో గుట్టల మీద నుంచి నేలవేము, తిప్పతీగ, నన్నారి గడ్డలు మోపులు మోపులుగా వచ్చేవి. ఇప్పుడు తెచ్చేవాళ్ళూ లేరు, అడిగేవాళ్ళూ లేరు. ముబారక్ బెంగళూరు నుంచి చిన్న చిన్న నూనె సీసాలు తెచ్చి ముందు వరసలో పెట్టాడు. నీలగిరి, పుదీనా, నిమ్మగడ్డి, ఇంకా నోరు తిరగని పేర్లు చాలా ఉన్నాయి. నా మూలికల డబ్బాలు వెనక్కి పోయాయి, వాటితోపాటు నేనూ వెనక్కి పోయాను. స్టూలు మీద కూర్చుని ఉంటాను. ఎవరైనా ఏమైనా అడిగితే వాడు పలక మీద రాసి చూపిస్తాడు, నేను చెబుతాను. బడిలో నీ పక్కన కూర్చున్నప్పుడు పట్టుకున్న పలక, మళ్ళీ చేతికొచ్చింది.

నీకు వస పెట్టి పంపమని వాడితో చెప్పాను. ఈ ఉత్తరం కూడా అందులోనే పెడతాడు. నేను మధ్యాహ్నం బస్సుకు కంబదూరు పోతున్నాను. మా మరిది చనిపోయిన నలభయ్యో రోజు, చెల్లెలి దగ్గర వారం ఉండి వస్తాను.

ఎలా ఇవ్వాలో నీకు చెప్పేదేముంది, ఎన్నో ఇళ్ళలో చూసి తిట్టినదానివే. లెక్క ఒక్కటి మాత్రం మరవకు. పాలలో మూడు చుట్లు, మూడు రోజులు. నాలుగోది దేనికీ వద్దు. నలభై ఏళ్ళలో నా పొట్లం వల్ల ఒక్క బిడ్డకు తలనొప్పి కూడా రాలేదంటే ఈ లెక్క వల్లే. ఇంకొకటి, జలుబు చేసిందని నీలగిరి తైలం గానీ కర్పూరం గానీ పాప ముక్కు దగ్గరకు తేవద్దు. ఇది నువ్వు నాకు నేర్పిన మాటే, తిరిగి నీకే అప్పజెబుతున్నాను.

చేయి వణుకుతోంది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. నా రాత చదవడం నీకొక్కదానికే వచ్చు కాబట్టి దిగులు లేదు.

పాప మొదటి మాట ఏమిటో నాకు రాయి.

ఫాతిమా

*

సోమందేపల్లె,
ఆగస్టు 14

ఫాతిమా,

పార్శిల్ అందింది. నా కన్ను బాగుంది. పాప బాగుంది.

వస ఇంక వద్దు. మళ్ళీ పంపవద్దు.

ముబారక్ తెచ్చిన సీసాల మీద తెలుగులో ఏమైనా రాసి ఉంటుందా? ఊరికే అడుగుతున్నాను.

కృపాకుమారి

*

కళ్యాణదుర్గం,
ఆగస్టు 27

కుమారికి,

యాభై ఏళ్ళ స్నేహంలో పలకరింపు లేని ఉత్తరం నీ నుంచి ఇదే మొదటిది. కింద కృపాకుమారి అని పూర్తి పేరు సంతకం చేశావు, రిజిస్టరులో చేసినట్టు. నేనేం చేశాను? కంటి నొప్పి అయితే కంటి నొప్పి అని రాయి. నా మీద కోపమైతే కోపమని రాయి. చెవిటిదాన్నే గానీ చదవడం వచ్చినదాన్ని.

నువ్వు అడిగావు కాబట్టి సీసాలు చూశాను. తెలుగు లేదు. ఇంగ్లీషులో, భూతద్దం పెడితే తప్ప కనబడని అక్షరాల్లో, పై పూతకు మాత్రమే అని ఉందట. ముబారక్ చదివి పలక మీద రాశాడు. వాటిని తలుచుకుంటే నాకు భయమే. మొన్న ఒకామె మోకాళ్ళకని నీలగిరి నూనె ఉన్నదున్నట్టు రుద్దుకుని, బొబ్బలెక్కిన కాళ్ళతో వచ్చి అంగడి ముందు కూలబడింది. ముబారక్‌ను అందరి ముందూ తిట్టాను. "ఒక్క సీసాకు ఎన్ని బస్తాల ఆకు ఉడకబెట్టినారో నీకు తెలుసునా? గరిటెడు కొబ్బరినూనెలో ఒక్క చుక్క కలపాల. ముందు మోచేతి మడతలో రాసుకొని ఒక రోజు చూసుకోవాల. ఇవన్నీ చెప్పకుండా ఎట్ల అమ్ముతావురా?" అన్నాను. వాడు పలక మీద ఒక్క ముక్క రాశాడు: "చెప్తే కొనరు."

ఆకు కొరికితే చేదు తెలుస్తుంది కుమారీ, బిడ్డ ఉమ్మేస్తుంది. వేరు నమిలితే నోరు మండుతుంది, ఇంక చాలని అదే చెబుతుంది. సీసాకు ఆ బుద్ధి లేదు. ఎంత వంచితే అంత పడుతుంది.

సరే, ఇదంతా నీకెందుకు. నిస్సీ నోరు తెరిచిందా లేదా? అది ఒక్కటి రాయి చాలు.

నీ ఫాతిమా

*

సోమందేపల్లె,
సెప్టెంబరు 20

ఫాతిమాకు,

కోపం లేదు. అలసట. నా కంటి కోసమని రెండుసార్లు అనంతపురం తిరిగాం. బస్సులో పోవడం, చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చోవడం, సాయంత్రానికి మళ్ళీ రమ్మనడం. ఒకప్పుడు అలాంటి బెంచీల మీద కూర్చున్నవాళ్ళను వరసలో రండమ్మా అని కసిరినదాన్ని నేనే.

పాప మాట్లాడలేదు. మాట్లాడుతుందని నేను ఎవరికీ చెప్పడం లేదు. దయచేసి ఈ ప్రశ్న నన్ను అడగవద్దు. నీ ఆరోగ్యం చూసుకో.

కుమారి

*

కళ్యాణదుర్గం,
అక్టోబరు 4

కుమారీ,

కన్ను కోసింది హిందూపురంలో. అనంతపురం ఎందుకు తిరుగుతున్నావు? అబద్ధం ఆడటం నీకు చిన్నప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

నిన్న ఒక తల్లి వచ్చి వస అడిగింది. చాలా రోజుల తర్వాత ఆ డబ్బా నేనే దించి మూత తీశాను. లోపల కొమ్ములు లేవు, పురుగు కొట్టేసిన పొడి ఉంది. వస నీళ్ళ పక్కన పెరిగే మొక్క, మన సీమలో పుట్టదు, తుమకూరు వైపు నుంచి రావాలి. రెండేళ్ళుగా తెప్పించనేలేదట. ముబారక్‌ను పిలిచి అడిగాను. "మరి కుమారికి పంపిన కొమ్ములు యాడివిరా?"

వాడు పలక తుడిచాడు. తర్వాత రాశాడు: "నూనె."

నా గొంతు ఎంత పైకి లేచిందో నాకు తెలియదు, రోడ్డు మీద మనుషులు ఆగి చూశారు. వాడూ అరిచాడు. వినపడలేదు గానీ పెదవులు చదవగలను. "నూనె అయితే ఏమైతాదమ్మా? కొమ్ములోనుంచే గదా తీసినారు! మంచి సరుకు, కుమారమ్మకని ఊరికే పంపినా" అంటున్నాడు.

నేను నీకు చుట్లు అని రాశాను. సాన మీద కొమ్మును మూడు చుట్లు తిప్పితే అంటుకునే పిసరంత. సీసాకు చుట్లు ఎక్కడివి? ఆ నూనెను ఏం చేశారు? పాపకు ఏమైంది? నువ్వు నన్ను అడగవద్దు అన్నావు, నేను అడుగుతున్నాను. పది రోజుల్లో జవాబు రాకపోతే బస్సెక్కి వస్తాను.

ఫాతిమా

*

సోమందేపల్లె,
అక్టోబరు 12

ఫాతిమా,

నువ్వు బస్సెక్కవద్దు. చెబుతాను.

పార్శిల్ వచ్చిన రోజు నా కంటికి కట్టు ఉంది, మంచం దిగవద్దన్నారు. సువార్త ఒక చేత్తో సీసా, ఒక చేత్తో నీ ఉత్తరం పట్టుకుని నా పక్కన కూర్చుంది. "అమ్మా, కొమ్ము గాదు, నూనె పంపినారు. పాలల్లో మూడు చుక్కలంట, మూడు రోజులంట, నాలుగోది వద్దంట" అని చదివింది. నీ రాత నీకు తెలుసు కదా. కొమ్ము చేతిలో ఉన్నవాళ్ళు దాన్ని చుట్లు అనే చదువుతారు. సీసా చేతిలో ఉన్నవాళ్ళకు చుక్కలు తప్ప ఏం కనబడుతుంది? నేను పడుకునే జవాబు చెప్పాను. "కాలం మారింది, ఫాతిమా గూడా మారినట్లుండాది. దాని లెక్క తప్పదు, అట్లే కలిపియ్యి" అన్నాను. చూశావా, సువార్తది చదవడంలో తప్పు. నాది నమ్మకంలో తప్పు.

మొదటి రోజు పాప వాంతి చేసుకుంది. గది అంతా ఆ ఘాటు వాసన. ముప్పై రెండేళ్ళ నర్సును నేనేమన్నానో తెలుసా? "కఫం పడిపోతాండాది, మంచిదే." రెండో రోజు మళ్ళీ మూడు చుక్కలు పోశాం. గంట కూడా కాలేదు, పాప కళ్ళు పైకి తేలేసింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. అల్లుడు ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు. పక్కింటి ఆటో ఆదెన్న లేకపోతే ఏమయ్యేదో నేను రాయలేను. కంటి కట్టుతోనే ఆటోలో కూర్చున్నాను. హిందూపురం చేరేదాకా అది నా ఒళ్ళో ఉందని తెలుస్తోంది గానీ ఊపిరి ఉందో లేదో తెలియలేదు.

డాక్టరు చిన్నవాడు. సీసా మూత తీసి వాసన చూసి బల్ల మీద పెట్టాడు. "ఇది తాగించేది గాదమ్మా. వాసన చూసేదానికి, బాగా పలచన చేసి ఒంటికి పూసేదానికి. పిల్లోళ్ళకు అదీ వద్దు" అన్నాడు. సువార్త కొమ్ము అయితే ఇవ్వొచ్చా అని అడిగింది. "కొమ్ము గూడా వద్దు. తక్కువ పోతాది కాబట్టి శానామందికి ఏం కాలేదు, అంతే" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మూడు రోజులు అక్కడే ఉన్నాం. మూడో రోజు పొద్దున ఒక సిస్టరు చేతిలో నుంచి స్టీలు ట్రే జారి నేల మీద పడింది. వార్డులో పిల్లలంతా ఉలిక్కిపడి ఏడ్చారు. నిస్సీ తన వేళ్ళతో తాను ఆడుకుంటూనే ఉంది, తల తిప్పలేదు. డాక్టరు దాన్ని చూశాడు, నేను డాక్టరును చూశాను. అప్పుడు తెలిసింది ఫాతిమా. పాపకు మాట రాకపోవడం కాదు, మాట దాని దగ్గరకు చేరనే లేదు. అనంతపురంలో పరీక్షలు చేశారు. రెండు చెవులూ బాగా తక్కువ. కొంచెం మిగిలి ఉందట, మిషన్లు పెట్టి, రోజూ నేర్పిస్తే మాట రావచ్చు అన్నారు. రావచ్చు అన్నారు, వస్తుంది అనలేదు.

లారీ హారన్లకు నిద్రలేవని పిల్లను నెమ్మదైన పిల్ల అని నీకు గొప్పగా రాశాను. ఆ ఉత్తరం ఉంటే చింపెయ్యి.

ఇదంతా ఎందుకు దాచానంటే, నలభై ఏళ్ళలో నా పొట్లం వల్ల ఒక్క బిడ్డకూ ఏమీ కాలేదని నువ్వు చెప్పుకుంటావు. నీకు మిగిలిన ఆస్తి ఆ ఒక్క మాటే అనిపించింది. అది నా చేత్తో ఎలా తీసుకోను? ఇంకో కారణం కూడా ఉంది, అది అంత మంచిది కాదు. నీకు రాస్తే, నేను నోరు తెరిచి వస అడిగానన్న సంగతి మళ్ళీ ఒప్పుకోవాలి. సువార్త నాతో పని ఉంటేనే మాట్లాడుతోంది. నాకు నిద్ర లేదు. వయసు మీదపడిందని అనుకునేదాన్ని గానీ, ఇంత బరువుగా ఉంటుందని అనుకోలేదు.

కుమారి

*

కళ్యాణదుర్గం,
నవంబరు 3

కుమారికి,

రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. చేయి వణకడం వల్ల కాదు.

నీ ఉత్తరం ముబారక్‌కు చదవమని ఇచ్చాను. వాడు అంగడి వెనక్కి పోయి కూర్చున్నాడు. ముప్పై ఏడేళ్ళ మగవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. భుజాలు కదులుతుంటే చూశాను, చప్పుడు నాకు వినపడదు కదా. తర్వాత వచ్చి పలక మీద "నాకు తెలీదమ్మా" అని రాశాడు. ఆ మాట నేనే తుడిచేశాను. తెలియకపోవడం ఒక్కడి తప్పా? పదిరోజుల పాటు వాడు అంగడిలో సీసాలన్నీ దించి, ఒక్కొక్క దాని మెడకు ఎర్ర దారం కట్టాడు. "నోట్లోకి కాదు. చిన్నపిల్లలకు కాదు" అని తెలుగులో లావు అక్షరాలతో చీటీలు అంటించాడు. దారం చూసి కొనకుండా పోతున్నవాళ్ళు ఉన్నారు. పోనీ అంటున్నాడు.

వస డబ్బా కడిగి ఎండబెట్టాను. మళ్ళీ నింపను.

నా సంగతి చెబుతాను, తిట్టకుండా చదువు. మాట రాని బిడ్డను గురించి ఎవరైనా అడిగితే ముందు అడగాల్సిన మాట ఒకటే. చెవులు వినపడుతున్నాయా? పన్నెండేళ్ళుగా చెవుడుతో కాపురం చేస్తున్నదాన్ని. హారన్ల మాట నువ్వు చెవిటిదానికే రాశావు కుమారీ, అయినా నాకు తట్టలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నా చెవుడు కూడా అలాగే అయింది.

ఇంకో ఆలోచన నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఈ నలభై ఏళ్ళలో మాటలు రాలేదని నా దగ్గర వస తీసుకుపోయిన తల్లులు ఎందరో. తిరిగి వచ్చి గొడవ పెట్టుకోలేదు కాబట్టి అందరికీ బాగైందనుకున్నాను. వాళ్ళలో ఎంతమంది పిల్లలకు చెవులు లేవో? ఎంతమంది మూగ అనే పేరుతోనే పెరిగి, మేకలు కాసుకుంటూ, కూలికి పోతూ ఉండిపోయారో? పొట్లం కట్టి ఇచ్చాను, నా పని అయిపోయిందనుకున్నాను. ఒక్క బిడ్డకూ ఏమీ కాలేదని ఎంత ధైర్యంగా చెప్పాను! ఎవరు చూశారు?

నా ఆస్తి తీసుకోవడం ఇష్టం లేక దాచానన్నావు. నువ్వు తీసుకోలేదులే. అది ఎప్పుడూ నా దగ్గర లేదు.

ఇంక ఎవరికీ మందు చెప్పను. నీ ఇంటికి రావాలని ఉంది గానీ సువార్త ముందు నిలబడే ముఖం నాకు లేదు. ఖుదా ఆ బిడ్డను చల్లగా చూడాలి.

ఫాతిమా

*

సోమందేపల్లె,
నవంబరు 24

ఫాతిమా పెద్దమ్మకు సువార్త నమస్కారాలు.

మీ ఉత్తరం అమ్మ నాకు చూపించింది. జూలై ఉత్తరం కూడా మళ్ళీ తీసి చూశాను. మీరు చుట్లు అనే రాశారు పెద్దమ్మా. ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ రోజు నాకు చుక్కలే కనిపించాయి. దాన్ని పోసింది నా చెయ్యి. మీరు ముఖం లేదని రాస్తే నేనేం రాయాలి?

పాపకు రెండు మిషన్లు వచ్చాయి. పెట్టిన నిమిషంలో పీకేస్తోంది. మొన్న ఒకదాన్ని పప్పు గిన్నెలో వేసింది. అనంతపురంలో నేర్పించే మేడం రోజంతా పెట్టాలి అంటుంది, దీనికి చెవి ముట్టుకుంటేనే ఏడుపు. ఇంట్లో ముగ్గురం ఉన్నాం, ముగ్గురమూ అలసిపోయాం. అమ్మ ఎవరినీ అడగదు. అందుకే నేను రాస్తున్నాను. చెవి వినపడకపోవడం ఎలా ఉంటుందో మాకు తెలిసినవాళ్ళలో మీకొక్కరికే తెలుసు. ఒకసారి రండి.

సువార్త

*

కళ్యాణదుర్గం,
డిసెంబరు 11

సువార్తకు పెద్దమ్మ దువా.

నువ్వు పెట్టిన ఈ మూడు ముక్కల ఉత్తరాన్ని తలగడ కింద పెట్టుకున్నాను.

నా బీరువాలో కూడా ఒక మిషన్ ఉంది. చెవుడు వచ్చిన కొత్తలో ముబారక్ తెచ్చాడు, రెండు రోజులు పెట్టుకుని తీసేశాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతాను. చప్పుడు లేని ఇంట్లో హాయిగా కూర్చున్నవాళ్ళ నెత్తిన ఒక్కసారి గిన్నెలన్నీ బోర్లించినట్టు ఉంటుంది. ఫ్యాను, కుక్క, లారీ, మనిషి మాట, అన్నీ ఒకటే మోత. ఏ చప్పుడు దేనిదో తెలియదు. పాప పీకేస్తోందంటే మొండితనం కాదు తల్లీ, భయం.

మీ మేడం చెప్పింది చెయ్యాలి, నేను డాక్టరును కాను. రోజంతా పెట్టే దాకా పోవాలంటే మొదలు చిన్నగా పెట్టండి. తలుపులేసి, ఫ్యాను కట్టేసి, కాసేపు. ఒక్క చప్పుడు, ఒక్క మనిషి. కంటితో చూస్తూ, చేత్తో తాకుతూ వినే చప్పుడైతే దానికి భయం ఉండదు. ఇలా చెయ్యవచ్చునా అని మేడమ్‌ను ముందు అడుగు. సరేనంటేనే నాకు రాయి. ఈసారి అడగకుండా ఏదీ ఇవ్వను.

ఆమె సరేనంటే, ఫిబ్రవరిలో మోకాళ్ళు కాస్త కుదురుకున్నాక వస్తాను. మందు ఏదీ తేను. మా సాన తెస్తాను.

ఫాతిమా పెద్దమ్మ

*

సోమందేపల్లె,
మార్చి 17

చెవిటి ఫాతిమాకు ఒంటికన్ను కుమారి వందనాలు.

మళ్ళీ ఈ పలకరింపు రాసే రోజు వస్తుందనుకోలేదు. రెండో కన్ను ఎండాకాలం పోయాక కోయించుకుంటాను.

నువ్వు వెళ్ళి మూడు వారాలైంది. నువ్వు ఉన్న నాలుగు రోజులూ మా వీధివాళ్ళు ఇంకా తలుచుకుంటున్నారు. గదిలో తలుపులేసుకుని, పాపను ఒళ్ళో పెట్టుకుని, దాని చేతి మీద నీ చెయ్యి వేసి, సాన మీద గంధపు చెక్క తిప్పిస్తూ, "ఒక చుట్టు! రెండు చుట్లు! మూడు చుట్లు!" అని నువ్వు పెట్టిన కేకలు హైవే దాకా వినపడ్డాయట. "యాడిదక్కా ఈ పంచాయితీ?" అని ఆదెన్న పరుగెత్తుకొచ్చాడు. నీ గొంతు ఎంత పెద్దదో నీకు తెలియదు కాబట్టి సరిపోయింది. మెల్లగా మాట్లాడేవాళ్ళం ముగ్గురం మూడు నెలలు పిలిచినా తిరగని పిల్ల, నీ మూడో కేకకు నీ నోటి వైపు చూసింది. మూడు చుట్లు అయ్యాక ఆ కాస్త గంధం తీసి దాని అరచేతికి రాసేదానివి. అది వాసన చూసి నవ్వేది. నాలుగో చుట్టుకు నువ్వు ఒప్పుకునేదానివి కాదు, అది నీ చెయ్యి పట్టి లాగేది. రేపటికి కావాలంటే ఇవాళ ఆపాలి అన్నావు. మందు ఇవ్వడం మానుకున్నానంటావు గానీ నీ లెక్క నువ్వు మానలేదు.

ఇప్పుడు మిషన్లు పెట్టుకోకుండా అది సాన దగ్గరకు పోదు. సాన దగ్గర పెట్టుకున్నవి సాయంత్రం దాకా తీయదు. సువార్త నిన్న నా తలకు నూనె రాసింది. చాలాసేపు రాసింది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు బయలుదేరిన రోజు పొద్దున, నువ్వు సాన మీదకు వంగి ఉన్నావు, పాప నీ ఒళ్ళో ఉంది. అది ఏదో అంది. నేను వాకిట్లో నుంచి విన్నాను. నువ్వు వినలేదు. వినే వీలు నీకు లేదు, దాని పెదవులు చూసేందుకు నీ ముఖం అటు లేదు. నీ భుజం తట్టి చెబుదామని లేచాను, మళ్ళీ కూర్చున్నాను. ఉత్త చప్పుడేమో అనుకున్నాను. ఒకసారి తొందరపడి నమ్మి ఏం చేశానో నాకు తెలుసు కదా. నిన్ను బస్సెక్కించి వచ్చి, ఆ సంగతి సువార్తకు కూడా చెప్పలేదు.

మొన్న అనంతపురంలో మేడం ముందు మళ్ళీ అంది. ఆమె బల్ల మీద గుండ్రటి గాజు పేపర్ వెయిట్ ఉంది. పాప దాన్ని అరచేత్తో గుండ్రంగా తిప్పింది, తిప్పుతూ అదే మాట రెండుసార్లు అంది. మేడం అర్థం కాక సువార్త వైపు చూసింది. సువార్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అమ్మ అనలేదు, అవ్వ అనలేదు. "తుట్లు" అంది.

మొదటి మాట ఏమిటో రాయమన్నావు, రాస్తున్నాను. పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, ట కింద ల వత్తు పెట్టి. చుక్కలు కాదు ఫాతిమా, చుట్లు. నీ మాటను మా ఇంట్లో తప్పు లేకుండా చదివింది అదొక్కటే.

నీ
కుమారి